బయోస్ పాస్‌వర్డ్ పెట్టుకుంటే ల్యాప్‌టాప్‌లో డేటా భద్రమేనా?

షాపు లెక్కలు, కస్టమర్ల ఆధార్ కాపీలు ఉన్న ల్యాప్‌టాప్‌కి బయోస్ పాస్‌వర్డ్ పెట్టుకున్నారు, ఎవరైనా ఎత్తుకుపోతే అది కాపాడుతుందా అని అడిగారు. సీమాస్, సెక్యూర్ బూట్, టీపీఎం, బిట్‌లాకర్ అని రకరకాల పేర్లు వినిపిస్తున్నాయి, ఏది దేనికో తెలియడం లేదన్నారు.

ముందు సూటిగా చెప్తాను. కాపాడదు. బయోస్ అంటే మిషన్ ఆన్ చేయగానే అన్నిటికంటే ముందు నడిచే, బోర్డు మీది చిప్‌లో ఉండే ప్రోగ్రాం. దాని పాస్‌వర్డ్ మిషన్ స్టార్ట్ కాకుండా, దాని సెట్టింగులు మార్చకుండా మాత్రమే ఆపుతుంది, డిస్కులో ఉన్న ఫైళ్ల జోలికి పోదు. వీధి గేటుకి తాళం వేసి ఇనప్పెట్టె తెరిచి పెట్టినట్టే.

నేను ఖమ్మంలో కంప్యూటర్ సర్వీసు చేస్తాను. విండోస్ 98 రోజుల నుంచి ఇదే పని. బయోస్ పాస్‌వర్డ్ డేటాని కాపాడదని చెప్తే చాలామంది నమ్మరు, అందుకని వాళ్ల ముందే చేసి చూపిస్తాను. వెనక మూత విప్పి ఎస్ఎస్‌డీ, అంటే డేటా ఉండే డిస్కు, బయటికి తీస్తాను. దాన్ని యూఎస్‌బీ ఎన్‌క్లోజర్ అనే డబ్బాలో పెట్టి నా ల్యాప్‌టాప్‌కి తగిలిస్తాను. కొత్త డ్రైవ్ కనిపిస్తుంది. యూజర్స్ ఫోల్డర్‌లో వాళ్ల పేరు మీద క్లిక్ చేస్తే పర్మిషన్ లేదని ఒక బాక్స్ వస్తుంది, దాని కిందే కంటిన్యూ అనే బటన్ ఉంటుంది. అది నొక్కి కాసేపు ఆగితే డెస్క్‌టాప్, డాక్యుమెంట్లు, పాన్ కార్డు స్కాన్లు, టాలీ బ్యాకప్ అన్నీ కళ్లముందే ఉంటాయి. బయోస్ పాస్‌వర్డ్ ఎవరూ అడగలేదు, విండోస్ పాస్‌వర్డ్ కూడా అడగలేదు. అప్పుడు ఆ మనిషి ముఖం చూస్తే నాకే బాధేస్తుంది, అన్నేళ్లూ ధైర్యంగా ఉన్నది దీన్ని నమ్ముకునే కదా.

ఇలా ఎందుకు ఉందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. వీటిలో ఒక్కొక్కటీ ఒక్కో కాలంలో, ఒక్కో ఇబ్బంది తీర్చడానికి వచ్చింది. ఒకదాని పని ఇంకోటి చేస్తుందనుకోవడం దగ్గరే అందరూ దెబ్బతింటున్నారు.

1981 ఆగస్టులో వచ్చిన ఐబీఎం పీసీలో బయోస్ మొత్తం 8 కేబీ. పవర్ ఇవ్వగానే 8088 ప్రాసెసర్ మెమరీ చివర్లో ఉన్న ఒక నిర్ణీత చిరునామాకి వెళ్తుంది, అక్కడున్నది బయోస్ రోమ్, అంటే బయోస్‌ని శాశ్వతంగా రాసిపెట్టిన చిప్. అది మెమరీని, కీబోర్డుని పరీక్షించి, ఫ్లాపీలో మొదటి సెక్టార్ (డిస్కు మీద మొట్టమొదటి చిన్న ముక్క) చదివి, అందులోని ప్రోగ్రాంకి పగ్గాలు అప్పగిస్తుంది. మరి మిషన్‌లో మెమరీ ఎంతుంది, ఫ్లాపీ డ్రైవులెన్ని, ఏ డిస్‌ప్లే కార్డు అని దానికెలా తెలుస్తుంది? బోర్డు మీద రెండు డిప్ స్విచ్ బ్లాకులుండేవి, ఒక్కోదాంట్లో ఎనిమిది బుల్లి స్విచ్‌లు. మెమరీ పెంచితే మూత తీసి స్విచ్‌లు మార్చాల్సిందే.

1984లో వచ్చిన ఐబీఎం ఏటీలో ఇది మారింది. మోటరోలా గడియారం చిప్ ఒకటి పెట్టారు, అందులో 64 బైట్ల సీమాస్ మెమరీ. 14 బైట్లు గడియారానికి పోగా మిగిలిన 50 బైట్లలో మిషన్ వివరాలు రాసిపెట్టేవారు. పవర్ తీసినా బ్యాటరీతో అవి నిలిచి ఉండేవి. డిప్ స్విచ్‌ల పని చాలావరకు సాఫ్ట్‌వేర్ చేతికి వచ్చింది. నా దృష్టిలో పీసీ చరిత్రలో ఇది చాలా గొప్ప మలుపు, మామూలు మనిషి మూత విప్పకుండా తన మిషన్‌కి తానే సంగతులు చెప్పగలిగాడు. మొదట్లో ఆ సెటప్ ప్రోగ్రాం ఫ్లాపీలో వచ్చేది. తర్వాత క్లోన్ మిషన్లలో, అంటే ఐబీఎంని చూసి వేరే కంపెనీలు చేసినవాటిలో, రోమ్‌లోనే పెట్టేశారు. మనం డిలీట్ కీయో ఎఫ్2నో నొక్కి వెళ్లే సెటప్ స్క్రీన్ అలా వచ్చిందే.

పాస్‌వర్డ్ కూడా ఆ సీమాస్ మెమరీలోనే పెట్టారు. అందుకే పాత డెస్క్‌టాప్‌లలో ఆ బిళ్ల బ్యాటరీ తీసేసినా, బోర్డు మీద క్లియర్ సీమాస్ జంపర్ (పిన్నుల మీద తొడిగే బుల్లి క్లిప్పు) మార్చినా పాస్‌వర్డ్ ఎగిరిపోతుంది. అది పెట్టింది ఆఫీసులో పక్కవాడు మిషన్ వాడకుండా, పిల్లలు గెలకకుండా ఉండటానికి. మిషన్ మొత్తం ఎత్తుకుపోయే దొంగ కోసం కాదు. ఇప్పటి బిజినెస్ ల్యాప్‌టాప్‌లలో దాన్ని బ్యాటరీ అక్కర్లేని చిప్‌లో పెడుతున్నారు, బ్యాటరీ తీసినా పోదు. అయినా డిస్కు విప్పి తీసుకెళ్లేవాడికి దాంతో పనేముంది?

బ్యాటరీ మాట వచ్చింది కాబట్టి ఒక విషయం. సీఆర్2032 బ్యాటరీ, మూడు వోల్టులు. అది అయిపోతే పొద్దున్నే టైం తప్పు చూపిస్తుంది, సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్ అని వచ్చి ఎఫ్1 నొక్కమంటుంది. తేదీ ఏళ్ల వెనక్కి పోయేసరికి బ్రౌజర్‌లో బ్యాంకు సైట్ కూడా తెరుచుకోదు, సర్టిఫికెట్ చెల్లదంటుంది. జనం వైరస్ అనుకుని నా దగ్గరికి పరుగెత్తుకొస్తారు. ఇంకో రకం ఉంది. పాత బోర్డుల్లో సెటప్ డిఫాల్ట్‌కి వెళ్లగానే సాటా మోడ్, అంటే డిస్కుతో బోర్డు మాట్లాడే పద్ధతి, ఏహెచ్‌సీఐ నుంచి ఐడీఈకి మారిపోతుంది. విండోస్ లోడ్ అవుతూ నీలం స్క్రీన్ పడి రీస్టార్ట్ అవుతూనే ఉంటుంది. హార్డ్ డిస్క్ పోయిందని ఫార్మాట్ కొట్టించుకున్నవాళ్లున్నారు. చవక బిళ్ల ఒకటి మార్చి, సెటప్‌లో ఒక్క లైన్ సరిచేస్తే అయిపోయేది. దయచేసి ఎవరైనా ఫార్మాట్ అనగానే తలూపకండి, సెటప్‌లో ఆ లైన్ చూశారా అని అడగండి.



ఇక భద్రత. బయోస్ మొదటి సెక్టార్ చదివి, అందులో ఏముందో విచారించకుండా నడిపేసేది. వైరస్ రాసేవాళ్లకి అంతకంటే ఏం కావాలి? 1986లో లాహోర్ నుంచి బయల్దేరిన బ్రెయిన్ వైరస్ కూర్చున్నది ఫ్లాపీ బూట్ సెక్టార్‌లోనే. 1999 ఏప్రిల్ 26న సీఐహెచ్ వైరస్ ఇంకో అడుగు ముందుకేసింది. డిస్కు మొదట్లో ఉన్న డేటా చెరిపేయడంతోపాటు, కొన్ని బోర్డుల్లో బయోస్ ఫ్లాష్ చిప్ మీదే చెత్త రాసింది. ఆ బోర్డు ఆన్ చేస్తే ఫ్యాన్ తిరుగుతుంది, స్క్రీన్ మీద ఏమీ రాదు. ఆ చిప్ తీసి ప్రోగ్రామర్‌లో పెట్టి మళ్లీ రాయాలి, లేదా బోర్డు మార్చాలి.

ఆ గుడ్డి నమ్మకానికి విరుగుడే సెక్యూర్ బూట్. పాత బయోస్ స్థానంలో అదే పని చేసే కొత్త తరం ప్రోగ్రాం యూఈఎఫ్ఐ వచ్చాక, 2012లో విండోస్ 8తో ఇది అందరి మిషన్లకీ చేరింది. బూట్ ఫైల్, అంటే మిషన్ స్టార్ట్ అయ్యేటప్పుడు నడిచే ఫైల్, మీద నమ్మదగ్గ డిజిటల్ సంతకం ఉంటేనే నడుపుతుంది. నమ్మే సంతకాల జాబితా ఒకటి, నిషేధించినవాటి జాబితా ఒకటి బోర్డులోనే ఉంటాయి. ఆ సంతకాలని సరిచూసే, మైక్రోసాఫ్ట్ 2011లో ఇచ్చిన సర్టిఫికెట్ల గడువు 2026 జూన్ నుంచి ఒక్కొక్కటిగా తీరేలా పెట్టారు, కొత్తవి విండోస్ అప్‌డేట్లతో వస్తాయి, కాబట్టి అప్‌డేట్లు ఆపి పెట్టుకోకండి. కానీ ఇది చూసేది స్టార్ట్ అయ్యే కోడ్‌ని మాత్రమే. మీ ఫైళ్లని దాచదు.

ఫైళ్లని దాచేది ఎన్‌క్రిప్షన్ ఒక్కటే, అంటే తాళంచెవి లేనిదే ఎవరూ చదవలేని గుప్తలిపిలోకి డేటాని మార్చడం. విండోస్‌లో దాని పేరు బిట్‌లాకర్, విస్టాతో వచ్చింది. దాని తాళంచెవిని కాపలా కాసేది టీపీఎం చిప్. కొన్ని మిషన్లలో విడిగా ఉంటుంది, ఇప్పుడు చాలావాటిలో ప్రాసెసర్ కంపెనీ ఫర్మ్‌వేర్‌లోనే (చిప్‌లో రాసిపెట్టిన ప్రోగ్రాంలోనే) ఉంటుంది. స్టార్ట్ అయ్యేటప్పుడు ప్రతి దశా తర్వాతి దశని నడపబోయే ముందు దాని హ్యాష్, అంటే ఆ కోడ్‌కి వేలిముద్ర లాంటి ఒక సంఖ్య, లెక్కగట్టి టీపీఎంకి ఇస్తుంది. టీపీఎం ఆ కొత్త విలువని పాతదానికి కలిపి మళ్లీ హ్యాష్ చేసి దాచుకుంటుంది, అంటే మధ్యలో ఒక్క చోట తేడా వచ్చినా చివరి విలువ పూర్తిగా మారిపోతుంది. లెక్క సరిపోతేనే తాళంచెవి ఇస్తుంది. డిస్కు తీసి నా ఎన్‌క్లోజర్‌లో పెడితే డ్రైవ్ కనిపిస్తుంది గానీ తాళం బొమ్మ వేసుకుని కూర్చుంటుంది. అప్పుడిక కంటిన్యూ బటన్ ఉండదు, రికవరీ కీ అడుగుతుంది.

మీకు గట్టిగా చెప్పాల్సింది ఇక్కడే ఉంది. టీపీఎంకి దొంగా యజమానీ తేడా తెలియదు. మదర్‌బోర్డు మారినా, సెక్యూర్ బూట్ ఆపినా, కొన్నిసార్లు బయోస్ అప్‌డేట్ చేసినా లెక్క తప్పుతుంది, 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. మా ఊళ్లో ఒక ఆడిటర్ గారి ల్యాప్‌టాప్ బోర్డు కాలిపోతే ఒక సర్వీసు సెంటర్‌లో మార్పించుకొచ్చారు. ఇంటికొచ్చి ఆన్ చేస్తే నీలం స్క్రీన్, కీ ఇవ్వమని. రిటర్నుల గడువు దగ్గర పడింది, మనిషి టెన్షన్‌తో వణికిపోతున్నారు. "నేనెప్పుడూ బిట్‌లాకర్ పెట్టలేదు బాబూ, ఇదేదో వైరస్" అన్నారు. ఆయన పెట్టలేదు నిజమే. కొత్త ల్యాప్‌టాప్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయితే చాలాసార్లు డివైస్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అవుతుంది, కీ ఆ అకౌంట్‌లోకి వెళ్లి కూర్చుంటుంది. ఆయన అకౌంట్‌లో చూస్తే ఏమీ లేదు. "సార్, ఇది కొన్న రోజు ఎవరు సెట్ చేశారు?" అని అడిగాను. బెంగళూరులో ఉద్యోగం చేసే అమ్మాయి సెలవులకొచ్చి చేసిపెట్టిందట.

అమ్మాయికి ఫోన్ చేశాం. ఆమె అకౌంట్‌లో రెండు మూడు కీలు కనిపించాయి. స్క్రీన్ మీద కీ ఐడీ అని ఉంటుంది, దాని మొదటి ఎనిమిది అక్షరాలు పోల్చి సరైనది పట్టుకున్నాం. ఆమె చదువుతుంటే నేను కొట్టాను. ఆరేసి అంకెల గుంపులు ఎనిమిది. ప్రతి గుంపూ 11తో నిశ్శేషంగా భాగించబడుతుంది, అందుకే ఒక అంకె తప్పు పడితే ఫలానా గుంపులో తప్పుందని అక్కడికక్కడే చెప్పేస్తుంది. ఫోన్‌లో చదివి కొట్టుకునేవాళ్ల కోసం ఇంత ఆలోచించిన ఆ ఇంజనీర్లకి దండం పెట్టాలనిపించింది. ఫైళ్లన్నీ దక్కాయి. ఆ అమ్మాయి పాత అకౌంట్ వాడకం మానేసి పాస్‌వర్డ్ పోగొట్టుకుని ఉంటే మాత్రం నేను కాదు కదా, మైక్రోసాఫ్ట్ కూడా చేయగలిగేది ఏమీ ఉండేది కాదు.

2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తప్పి దాదాపు 85 లక్షల విండోస్ మిషన్లు ఆగిపోయినప్పుడూ ఇదే బాధ. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఒక ఫైల్ తీసేస్తే చాలు, కానీ బిట్‌లాకర్ ఉన్నవాటిలో లోపలికి పోవాలంటే ఒక్కో మిషన్‌కీ ఈ 48 అంకెలు కావాల్సి వచ్చాయి.

మీ ల్యాప్‌టాప్ విషయానికొస్తే, సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో డివైస్ ఎన్‌క్రిప్షన్ ఉందేమో చూడండి. ప్రో ఎడిషన్ అయితే కంట్రోల్ ప్యానెల్‌లో బిట్‌లాకర్ ఉంటుంది. ఆఫ్‌లో ఉంటే మొదట డేటా బయటి డిస్కుకి కాపీ చేసుకుని ఆన్ చేయండి. ఆన్‌లో ఉంటే ఈ రోజే కీని ప్రింట్ తీసి, కీ ఐడీతో సహా ఇంటి దస్తావేజులతో పాటు బీరువాలో పెట్టండి. ల్యాప్‌టాప్ బ్యాగులో మాత్రం పెట్టకండి. బయోస్ అప్‌డేట్‌కి ముందు బిట్‌లాకర్‌లో సస్పెండ్ ప్రొటెక్షన్ నొక్కండి. బోర్డు పని అయితే మెకానిక్ చేతికి ఇచ్చేముందే మీ దగ్గర కీ ఉందని చూసుకోండి. ఏఎండీ రైజెన్ ప్రాసెసర్ ఉన్న మిషన్లలో ఆ ప్రాసెసర్ మారితే ఎఫ్‌టీపీఎం (ఫర్మ్‌వేర్‌లో ఉండే టీపీఎం) రీసెట్ చేయాలా, వై నొక్కండి, ఎన్ నొక్కండి అని ఒక నల్ల స్క్రీన్ వస్తుంది. కీ చేతిలో లేకుండా అక్కడ వై నొక్కకండి.

కస్టమర్ల ఆధార్ కాపీలున్నాయన్నారు కాబట్టి ఇంకో మెట్టు ఎక్కమంటాను. టీపీఎం విడి చిప్‌గా ఉన్న మిషన్లలో, అది ప్రాసెసర్‌కి తాళంచెవి పంపే తీగల మీద చెవి పెట్టి పట్టుకోవచ్చని పరిశోధకులు చేసి చూపించారు. ప్రో ఎడిషన్‌లో స్టార్టప్ పిన్ పెట్టుకుంటే, పిన్ కొట్టేదాకా టీపీఎం తాళంచెవి వదలదు. బయోస్ పాస్‌వర్డ్ కూడా తీసేయనక్కర్లేదు, యూఎస్‌బీతో బూట్ చేయకుండా, సెక్యూర్ బూట్ ఎవరూ ఆపకుండా అది కాస్తుంది. కాకపోతే ఆ పాస్‌వర్డ్ కూడా ఆ ప్రింట్ కాగితం మీదే రాసిపెట్టండి. చాలా ల్యాప్‌టాప్‌లలో అది మర్చిపోతే బిల్లు పట్టుకుని కంపెనీ సర్వీసుకే వెళ్లాలి.