గ్రీన్స్ మీద ఆ రంధ్రాలు ఎందుకు?

ప్రశ్న: పోయిన ఏడాదే గోల్ఫ్ మొదలుపెట్టాను. మార్చి చివర్లో నాలుగు రోజులు ఎండ కాసేసరికి ఆదివారం పొద్దున ఏడున్నరకి టీ టైమ్ (ఆట మొదలుపెట్టే వేళ) తీసుకున్నాం. గడ్డి మీద ఫ్రాస్ట్ (గడ్డకట్టిన మంచు) ఉందని గంటకు పైగా కూర్చోబెట్టారు. మేం తిరిగే చిన్న బండి, అదే కార్ట్, రోడ్డు దిగకూడదన్నారు. తీరా ఆడబోతే గ్రీన్స్ (బంతిని గుంతలో వేసే చోట పొట్టిగా కత్తిరించిన గడ్డి) నిండా రంధ్రాలు, పైన ఇసుక. డబ్బు మాత్రం పూర్తిగా తీసుకున్నారు. ఇది నిర్లక్ష్యం కాదా? టీవీలో మాస్టర్స్ టోర్నమెంట్ చూస్తే ఏప్రిల్‌లోనే అంత పచ్చగా ఉంటుంది కదా!
– ఒక పాఠకుడు, కొలంబస్, ఒహాయో

జవాబు: డబ్బు విషయంలో మీ కోపం న్యాయమే. గ్రీన్స్‌కి రంధ్రాలు పొడిచిన వారం ఆ సంగతి బుకింగ్ అప్పుడే చెప్పాలి, రేటూ తగ్గించాలి. మిగతా మూడూ మాత్రం నిర్లక్ష్యం కాదు. నేను బాపట్లలో వ్యవసాయం చదివి, న్యూజెర్సీలో పద్నాలుగేళ్లు గ్రీన్స్ పనిలోనే ఉన్నాను.

ఫ్రాస్ట్ పట్టిన ఆకులో నీరు గడ్డకట్టి ఉంటుంది. దాని మీద అడుగు వేస్తే లోపలి కణాలు చిట్లిపోతాయి. అప్పటికప్పుడు ఏమీ కనపడదు. ఒకటి రెండు రోజులకు అడుగులు పడ్డ చోటల్లా గడ్డి మాడినట్టు అవుతుంది. చేరిన కొత్తలో కప్పు (బంతి పడాల్సిన గుంత) చోటు మార్చడానికి తెల్లవారుజామున ఒక గ్రీన్ దాటాను. నా బూట్ల గుర్తులు రెండు వారాలు పోలేదు. అప్పటికి గడ్డి ఇంకా సరిగా పెరగడం లేదు, కొత్త ఆకు వచ్చేదాకా ఆ మచ్చ అలాగే ఉండిపోయింది.

ఇక కార్ట్. మా నాన్న దుక్కికి వెళ్లే ముందు మట్టిని పిడికిట్లో నొక్కి చూసేవారు. ముద్ద కట్టిందంటే ఆ రోజు అరక కట్టేవారు కాదు, పదునుకు రాలేదనేవారు. ఇక్కడా అంతే. చలికాలం తాగిన నీరు మార్చిలో ఇంకా నేలలోనే ఉంటుంది. ఒక్కోసారి పై అంగుళం కరిగి, కింద గడ్డకట్టే ఉంటుంది. ఆ నీరు దిగడానికి దారే ఉండదు. అప్పుడు చక్రం తిరిగితే మట్టిలో గాలి ఆడే సందులన్నీ మూసుకుపోతాయి. జులైలో ముందు ఎండిపోయేది ఆ గడ్డే.

మీకు ఎక్కువ బాధ కలిగించిన రంధ్రాలే నిజానికి గ్రీన్‌కి ప్రాణం. కోర్సుకి వచ్చిన ప్రతి మనిషీ గ్రీన్స్ మీద నడుస్తాడు, నేల బిగుసుకుపోతుంది. చచ్చిన కాడలూ వేళ్లూ పేరుకుని పైన మెత్తటి పొర కడుతుంది. అందుకే సుమారు అరంగుళం వెడల్పు బోలు గొట్టాలతో మట్టిని తీసేసి, ఆ ఖాళీలో ఇసుక నింపుతాం. ఒహాయో వైపు గ్రీన్స్‌లో ఎక్కువగా ఉండే బెంట్ గడ్డికి, నేల వేడి 50–65 ఫారెన్‌హీట్ మధ్య ఉన్నప్పుడే వేళ్లు బాగా దిగుతాయి. నడివేసవిలో ఆ వేళ్లు కురచబడతాయి కాబట్టి, వసంతంలో దిగినంత లోతే ఆగస్టుదాకా కాపాడుతుంది. అయితే నన్నడిగితే మార్చి చివర కాస్త తొందరే. బయట 70 ఉన్న రోజు కూడా నా థర్మామీటర్ నేలలో 45 చూపించిన సందర్భాలున్నాయి. చల్లటి నేలలో రంధ్రాలు పూడవు. ఏప్రిల్ మధ్యలో పొడిస్తే రెండు మూడు వారాల్లో కలిసిపోతాయి.

మాస్టర్స్‌తో పోల్చి టెన్షన్ పడకండి. అది జరిగే అగస్టా క్లబ్ ఉన్నది జార్జియాలో. అక్కడ ఫెయిర్‌వేల (గ్రీన్‌దాకా సాగే గడ్డి బాటల) మీద మీరు చూసే పచ్చదనం శరదృతువులో చల్లిన రై గడ్డిది. వేసవిలో ఆ క్లబ్ మూసే ఉంటుంది. రోజూ జనం ఆడే కోర్సుకి ఆ విశ్రాంతి ఎక్కడిది?

ఇకనుంచి పది దాటాక టీ టైమ్ తీసుకోండి. గ్రీన్స్‌కి ఎప్పుడు పొడుస్తారో ముందే ఫోన్ చేసి అడగండి. మీ బంతి వచ్చి పడ్డప్పుడు గ్రీన్ మీద పడిన గుంటను తప్పకుండా సరిచేయండి, ఈ నెలల్లో అది దానంతట అది మానదు.

ప్రశ్న: మా ఊళ్లో ఫెయిర్‌వేలన్నీ గడ్డివాములా ఉన్నాయి. చచ్చిపోయాయా?
– ఒక పాఠకురాలు, షార్లెట్, నార్త్ కరొలైనా

జవాబు: అది బెర్ముడా గడ్డి అయ్యుంటుందమ్మా. అంటే మన వినాయకుడి పూజలో పెట్టే గరికే. చలికి నిద్రపోతుంది, ఏప్రిల్‌లో నేల వేడెక్కాక లేస్తుంది. అనుమానం ఉంటే మీ ఇంటి ముందున్న గరికలోనే మట్టి కింది కాడ ఒకటి తీసి గోటితో గీరండి. లోపల తెల్లగా, గట్టిగా ఉంటే బతికే ఉంది.