కరిగిపోయే స్టెంటే కావాలంటున్నారు నాన్న

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నగారికి 58 ఏళ్లు. మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తోందంటే యాంజియోగ్రామ్ తీసి, ఒక రక్తనాళంలో 80 శాతం బ్లాక్ ఉంది, స్టెంట్ (నాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం) వేయాలన్నారు. మా బావేమో “జీవితాంతం ఒంట్లో ఇనప ముక్క ఎందుకు మామయ్యా, కరిగిపోయేది వేయించుకో” అన్నాడు. నాన్న ఇక అదే పట్టు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్

జవాబు: మీ బావగారిని ఏమనలేను, ఒకప్పుడు మా డాక్టర్లమూ అలాగే మోజుపడ్డాం. 2012 చివర్లో అబ్బాట్ కంపెనీ కరిగిపోయే స్టెంట్ ‘అబ్సార్బ్’ మన దేశంలోకి వచ్చింది. పాలీలాక్టిక్ యాసిడ్‌తో చేసింది, మూడేళ్లలో కరిగి చివరికి నీరూ కార్బన్ డయాక్సైడ్‌గా మారిపోతుంది, రక్తనాళం మళ్లీ తన మానాన తాను ఉంటుంది. వినడానికి ఎంత బాగుందో! కానీ అది లోహమంత గట్టిది కాదు కాబట్టి తీగలు లావుగా, 150 మైక్రాన్ల దాకా చేయాల్సి వచ్చింది. మంచి లోహపు స్టెంట్లకు 80 చాలు. ఆ లావు తీగల దగ్గర రక్తం సాఫీగా పారక గడ్డలు కట్టడం, గుండెపోట్లు రావడం మామూలు స్టెంట్ల కన్నా ఎక్కువగా కనిపించాయి. ఐదేళ్లు తిరక్కుండానే, 2017లో, కంపెనీయే అమ్మకాలు ఆపేసింది.

ఆ తర్వాత మన మెరిల్ కంపెనీ 100 మైక్రాన్ల తీగలతో ఒకటి తెచ్చింది, మెగ్నీషియంతో చేసినవీ వచ్చాయి. నాళం మరీ సన్నగా ఉన్నా, కాల్షియం గట్టిగా పేరుకున్నా, బ్లాక్ కొమ్మ చీలే చోట ఉన్నా మాత్రం నేనైతే వీటి జోలికి వెళ్లను.

ఇంకో తిరకాసుంది. ‘బయోడిగ్రేడబుల్ పాలిమర్’ అని రాసి ఉంటే స్టెంటే కరుగుతుందనుకుంటారు చాలామంది. కరిగేది మందు పట్టి ఉన్న పైపూత మాత్రమే, లోహం అక్కడే ఉంటుంది. ఆ లోహమూ ఇనుము కాదు లెండి, ఎక్కువగా కోబాల్ట్ క్రోమియం. కొన్ని నెలల్లో దానిమీద నాళం లోపొర పెరిగి కప్పేస్తుంది, రేపు ఎమ్మారై తీయించుకోవాల్సి వచ్చినా ఇబ్బంది లేదు. ఖర్చు చూసి కరిగేది గొప్పదనుకోకండి, 2017 ఫిబ్రవరిలో కేంద్రం ధరలకు పరిమితి పెట్టినప్పుడు మందుపూత స్టెంట్‌కూ దీనికీ ఒకటే రేటు కట్టింది, 29,600 రూపాయలు.

కాబట్టి నాన్నగారికి మందుపూత ఉన్న లోహపు స్టెంటే వేయించండి. ఏది వేసినా రక్తం గడ్డకట్టకుండా చూసే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ బిళ్లలు డాక్టర్ చెప్పినన్నాళ్లూ వేసుకోవాల్సిందే. పన్ను పీకించుకోవాలని సొంతంగా ఆపేసి, గడ్డకట్టి ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లను చూశాను. అలాంటి పని పడితే ముందు గుండె డాక్టర్‌కు ఒక్క ఫోన్ చేయమనండి.