స్కూల్ కౌన్సెలర్ లైసెన్సు: ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేస్తారన్నదే ముఖ్యం

సైకాలజీ చదవనివారికి అమెరికాలో స్కూల్ కౌన్సెలర్ లైసెన్సు వస్తుందా అని అడిగారు. నిస్సందేహంగా వస్తుంది, నేను కామర్స్ చదివి ఈ వృత్తిలోకి వచ్చినదాన్నే. చాలా విశ్వవిద్యాలయాలు ఏ డిగ్రీ ఉన్నా స్కూల్ కౌన్సెలింగ్ మాస్టర్స్‌లో చేర్చుకుంటాయి. ఆపైన రాష్ట్రం కోరిన పరీక్ష, వేలిముద్రల తనిఖీ ఉంటాయి. టెక్సస్‌లో 2023 వరకు రెండేళ్ల బోధనానుభవం కూడా అడిగేవారు; ఇలాంటి నిబంధనలు మారుతుంటాయి కనుక, ఉద్యోగం చేయదలచిన రాష్ట్రంలో ఇప్పుడున్న నిబంధనలు చూశాకే కోర్సు ఎంచుకోండి.

అయితే మనిషిని కౌన్సెలర్‌గా తీర్చిదిద్దేది ఇంటర్న్‌షిప్ ఒక్కటేనని నా దృఢమైన అభిప్రాయం. కౌన్సెలింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే కేక్రెప్ (CACREP) సంస్థ గుర్తింపు ఉన్న కోర్సులో 100 గంటల ప్రాక్టికం, అంటే తొలి దశ ప్రత్యక్ష శిక్షణ, తర్వాత 600 గంటల ఇంటర్న్‌షిప్ ఉంటుంది; అందులో కనీసం 240 గంటలు నేరుగా సేవలందించడానికే కేటాయించాలి.

నేను ఇంటర్న్‌గా ఉన్న మిడిల్ స్కూల్లో ఆరో తరగతి పిల్లవాడొకడు రోజూ భోజన విరామానికి ముందు కడుపునొప్పి అంటూ నర్సు దగ్గరికి వెళ్లేవాడు. కారణమేమీ కనపడక ఆమె మా గదికి పంపింది. నా చేతిలో ప్రశ్నల కాగితం సిద్ధంగా ఉంది. నా పర్యవేక్షకురాలు మాత్రం ఏమీ అడగకుండా, అతని పక్కనే కుర్చీ వేసుకుని, భోజనశాల బొమ్మ గీయమని తెల్లకాగితం ఇచ్చారు. బల్లలు గీశాడు, ట్రేలు పెట్టే చోటు గీశాడు, తలుపు గీశాడు. "నువ్వెక్కడ కూర్చుంటావు?" అని ఆవిడ అడిగితే, పెన్సిల్ మొనను తలుపు మీద ఆనించి, "నేనింకా లోపలికి రాలేదు" అన్నాడు. ఆ వారంలోనే ఆవిడ మరి కొందరు పిల్లలను కలిపి, మా గదిలోనే అందరూ కూర్చుని తినే ఏర్పాటు చేశారు. క్రమంగా అతను నర్సు దగ్గరికి వెళ్లడం మానేశాడు. ఎప్పుడు అడగాలో, ఎప్పుడు ఊరుకోవాలో ఏ లైసెన్సు పరీక్షా నేర్పదు.

బాధ కలిగించే విషయం ఏమిటంటే, ఎన్నో పాఠశాలలు కౌన్సెలర్లను, ఇంటర్న్‌లను కూడా పరీక్షల నిర్వహణకు వాడుకుంటున్నాయి. అది కౌన్సెలర్ పని కాదని అమెరికన్ స్కూల్ కౌన్సెలర్ అసోసియేషన్ స్పష్టంగా చెబుతోంది. 250 మంది విద్యార్థులకు ఒకరుండాలని ఆ సంఘం సిఫారసు చేస్తుంటే, 2022–23లో జాతీయ సగటు 385కి ఒకరు. ఉన్న ఆ ఒక్కరినీ ప్రశ్నపత్రాలు లెక్కపెట్టడానికి కూర్చోబెట్టడం పిల్లలకు చేస్తున్న అన్యాయం.

కనుక ఇంటర్న్‌షిప్‌కు ఒప్పుకునే ముందే, మీకు పర్యవేక్షకులుగా ఉండబోయేవారిని స్వయంగా కలవండి. ఆ 240 గంటలు ఎలా సమకూరుతాయో, పరీక్షల వారాల్లో మీకు ఏ పని అప్పగిస్తారో అడిగి, జవాబును రాతపూర్వకంగా తీసుకోండి.