తమ్ముడూ, నీ క్రీ.పూ. 221 చదివాను

తమ్ముడూ,

క్రీ.పూ. 221లో ఎక్కడెక్కడ ఏం జరిగిందో నువ్వు రాసి పంపిన వ్యాసం రాత్రి కూర్చుని మొత్తం చదివేశా, మొహమాటం లేకుండా చెప్తున్నా, ఏమనుకోకు. ఏడాది మంచిదే పట్టావు గానీ రాసింది మాత్రం రైల్వే టైంటేబుల్‌లా ఉంది. చైనాలో ఇది, అదే సమయంలో స్పెయిన్‌లో ఇది, అదే సమయంలో మాసిడోనియాలో ఇది... ఆ "అదే సమయంలో"లు లెక్కపెట్టా, 11 ఉన్నాయి.

అసలు ఆ ఏడాది బతికినోళ్ళెవరికీ అది 221 అని తెలీదు కదరా. చిన్ రాజ్యంలో అది రాజు గద్దెనెక్కిన 26వ ఏడు, బాబిలోన్‌లో సెల్యూకస్ శకం (అలెగ్జాండర్ సేనాని సెల్యూకస్ పేరిట లెక్క) 91, రోమ్‌లో అయితే ఆ ఏటి కాన్సుల్స్ (ఏడాదికోసారి ఎన్నుకునే ఇద్దరు పెద్ద అధికారులు) పేర్లే ఆ ఏటికి పేరు. అక్కణ్ణుంచి మొదలెట్టు.

చైనాని రెండు లైన్లలో తేల్చేశావు, సరుకంతా అక్కడే ఉంటే! చివరికి మిగిలిన చి రాజ్యం కూడా చిన్‌కి లొంగిపోయింది, చిన్ రాజు యింగ్ జెంగ్ మొదటి చక్రవర్తినని బిరుదు పెట్టుకున్నాడు, నువ్వక్కడే ఆగిపోయావు. నేనైతే తూనికరాయి పట్టుకుంటా. ఆ ఏటి ఆజ్ఞ చెక్కిన తూనికరాళ్ళు ఇప్పటికీ మ్యూజియాల్లో ఉన్నాయి, ఉన్నది 40 అక్షరాలే. దేశమంతా ఒకటైంది, నల్లతలల జనం (మామూలు ప్రజల్ని అలా అనేవాళ్ళు) చల్లగా ఉన్నారు, కొలతల్లో ఎక్కడ తేడా ఉన్నా, అనుమానం ఉన్నా అన్నీ ఒకటి చెయ్యండని ఇద్దరు మంత్రులకి ఆర్డరు. నిన్నటిదాకా పాత రాజు రాయితో తూచిన కొట్టువాడి త్రాసులో ఈ కొత్త రాయి పడిందనుకో, తన రాజ్యం పోయిందని వాడికి అప్పుడు తెలుస్తుంది చూడు, నువ్వు రాయాల్సింది అది. బండి ఇరుసు కొలత, రాసే లిపి కూడా ఒకటే చేశారు, అవి ఒక్క వాక్యం చాలు.

ఇక రోమ్‌కి శత్రువైన కార్తేజ్ సేనాని హానిబాల్. స్పెయిన్‌లో బావ హస్ద్రుబాల్‌ని ఒక కెల్ట్ మనిషి చంపేస్తే సైన్యం 26 ఏళ్ళ ఈ కుర్రాణ్ణి సేనాపతి చేసుకుంది. నువ్వు వెంటనే రోమ్ మీదికి ఏనుగులతో ఆల్ప్స్ కొండలు దాటాడని ఎత్తుకున్నావు, అది 218 నాటి సంగతి, ఆ రోజు గుడారం బయట నిలబడ్డ సిపాయికి ఎలా తెలుస్తుంది?

మాసిడోనియాలో ఐదో ఫిలిప్‌కి 17 ఏళ్ళు. ఈజిప్టులో, సిరియాలో కూడా అప్పుడప్పుడే గద్దెనెక్కినవాళ్ళే. ఇలా ఎటు చూసినా కొత్త మొహాలేనని గ్రీకు చరిత్రకారుడు పాలీబియస్ తర్వాత పనిగట్టుకుని రాశాడు, కానీ మనకి దొరికిన ఆయన రాతల్లో చైనా ఊసే లేదు. అంత చూపున్నాయనకే అందలేదంటే నీ వ్యాసానికి అంతకంటే మంచి మలుపు ఇంకెక్కడ దొరుకుతుంది చెప్పు.

శాతవాహనుల్ని ఎందుకు ఇరికించావో అర్థమైంది, మనవాళ్ళని ప్రేమ. కానీ వాళ్ళ మొదటి రాజు శ్రీముఖుడి కాలం మీద చరిత్రకారులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు, కొందరు క్రీ.పూ. 3వ శతాబ్దం అంటే కొందరు 1వ శతాబ్దం దాకా లాక్కొచ్చారు. తీసెయ్. అశోకుడు పోయి సుమారు పదేళ్ళయిందని రాయి చాలు.

ఆ "సరిగ్గా ఇన్నేళ్ళ కిందట" లెక్క కూడా మళ్ళీ చూసుకో, క్రీ.పూ. 1 తర్వాత నేరుగా క్రీ.శ. 1, మధ్యలో సున్నా లేదు. నేనూ ఒకసారి ఒక పత్రికలో ఇలాగే ఒక ఏడాది తప్పితే రిటైరైన లెక్కల మాస్టారొకాయన కార్డు ముక్క రాశారు, ఆ కార్డు ఇంకా నా డ్రాయర్‌లోనే ఉంది.

తిరగరాసి శనివారంలోపు పంపు. ఆ 11లో రెండు ఉంచుకో, పోనీ.

మీ అన్నయ్య