మిల్లులో పనిచేసే మనిషి కొత్త పని పెడతానంటే ఒప్పుకోవచ్చా?

ఆదోనిలో పత్తి నుంచి గింజలు వేరుచేసే మీ జిన్నింగ్ మిల్లు మెకానిక్, పత్తిని పట్టి లాగే రోలర్లకు గాడులు తీసే పని చుట్టుపక్కల మిల్లులకు కూడా చేసిపెడతానంటున్నాడని రాశారు. ఉద్యోగం మీ దగ్గరే, పెట్టుబడి మీదే. ఒప్పుకుంటే ఉన్న పని చెడుతుందేమోనని, కాదంటే మనిషి వెళ్లిపోతాడేమోనని మీ టెన్షన్.

ఒప్పుకోండి. కానీ నేను మొదటిసారి ఒప్పుకున్నట్టు ఒప్పుకోకండి.

మాది అనంతపురం. నాన్న కాలం నుంచి చెనిక్కాయల వ్యాపారం. రైతుల దగ్గర కాయలు కొని, మిషన్లో కొట్టించి, పప్పు గ్రేడింగ్ చేసి లారీలకు ఎత్తుతాం. 2012లో మా గుమాస్తా ఒకతను చెనిక్కాయల పొడి ప్యాకెట్లు కట్టి బెంగళూరులో అమ్ముదామన్నాడు. సరేనన్నాం. పగలంతా మామూలు పని చేయించుకుని, పొడి సంగతి రాత్రి ఏడు దాటాక చూసుకోమన్నాం. దానికని విడిగా డబ్బు పెట్టలేదు. కవర్లు కొనాలన్నా వచ్చి నాన్నను అడగాల్సిందే. రోజూ గల్లా లెక్క చూసేటప్పుడు నాన్న "పొడిలో ఎంత మిగిలింది?" అనేవారు. ఒక లారీ లోడు మీద కనిపించే డబ్బు పక్కన వారానికి నలభై ప్యాకెట్ల లెక్క పెడితే అది ఏమి ఆనుతుంది? నాలుగు నెలలకు ఆపేశాం. ఏడాది తిరక్కుండానే అతను మానేసి బెంగళూరులో అదే పని సొంతంగా పెట్టుకున్నాడు. బాగున్నాడు, నాకు సంతోషమే. కానీ పదకొండేళ్లు మాతో ఉన్న మనిషి, మా సరుకు గురించి నాకంటే బాగా తెలిసిన మనిషి. ఆ బాధ ఇంకా పోలేదు.

రెండోసారి 2018లో. గ్రేడింగ్ చేసే ఆడవాళ్లకు పెద్దగా ఉండే ఒకావిడ, మేమంతా అక్కా అంటాం, ఒకరోజు నాతో అంది: "ఏమప్పా, బద్దలైన పప్పంతా తక్కువ రేటుకు ఆయిల్ మిల్లుకు పోతాంది. పప్పుచెక్కలో ఎట్లైనా బద్దలే కదా వేసేది. మనమే చేస్తే ఏం?" ముడుచుకుపోయినవీ రంగు మారినవీ తీసెయ్యాల్సిందే, బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం చేరేది ఎక్కువగా అలాంటి వాటిలోనే. మిషన్లో విరిగిన మంచి పప్పుకు మాత్రం ఏ లోపమూ ఉండదు. రోజంతా పప్పు ఏరే చేతులకు తెలిసిన ఈ తేడా, రేటు చూసి అమ్మే నాకు అన్నేళ్లూ తట్టలేదు.

ఈసారి ముందుగా నాన్నతో కూర్చున్నాను. టైటాన్ సంగతి చెప్పాను. హోసూరులో గడియారాలు చేసే ఆ కంపెనీ 1990లలో తనిష్క్ పేరుతో నగల్లోకి దిగింది. మొదటి కొన్నేళ్లు నష్టాలే. ఇవాళ ఆ కంపెనీ ఆదాయంలో చాలా భాగం నగల మీదే వస్తోంది. నాన్న కాసేపు ఆలోచించి, "అయితే ఎంత పోగొట్టుకోవచ్చో ముందే చెప్పు" అన్నారు. ఆ ఒక్క మాటతో దారి దొరికింది. పోయినా తట్టుకోగలమనుకున్న మూడు లక్షలు వేరే ఖాతాలో వేశాం. అందులోంచి ఖర్చు పెట్టడం పూర్తిగా అక్క ఇష్టం. రెండేళ్ల వరకు లాభం ఊసెత్తకూడదు. పని నడవకపోతే ఆమె పాత పని, పాత జీతం అలాగే ఉంటాయి. నెల జీతం మీద ఇల్లు నడిపే మనిషికి ఈ హామీ లేకుండా ధైర్యం రాదు. లాభంలో నాలుగో వంతు ఆమెకని కాగితం రాసి సంతకాలు పెట్టాం.

మొదటి వానాకాలం పప్పుచెక్క మెత్తబడి, దుకాణాల నుంచి డబ్బాలు వెనక్కి వచ్చాయి. బెల్లం పాకం సరిగా ముదరలేదు, కవరు పలచన. 38 వేలు పోయింది. నాన్న ఒక్క మాట అనలేదు, అది ఆ మూడు లక్షల్లోదే కదా. అక్క పాకం చుక్క నీళ్లలో వేసి, అది టక్కున విరిగితేనే పప్పు కలపడం మొదలుపెట్టింది. కవరు మందం పెంచింది.

నా తప్పు వేరే ఉంది. మొదటి ఏడాది పప్పు ఊరికే ఇచ్చేశాం. కాగితం మీద లాభం బ్రహ్మాండంగా కనిపించింది. మిల్లు చూసుకునే మా తమ్ముడికేమో తన సరుకు పోతోందని కోపం. రెండో ఏడాది నుంచి ఆ రోజు ఆయిల్ మిల్లు ఇచ్చే రేటుకే బిల్లు వేశాం. లాభం సగానికి పడింది, అయినా అది నిజమైన లాభం. ఇంట్లో గొడవ కూడా ఆగింది. ఇప్పుడు అక్క దగ్గర పద్నాలుగు మంది పనిచేస్తున్నారు. వాన లేక కాయలు రాని ఏడాది మిల్లు ఖాళీగా ఉన్నా పప్పుచెక్క పని ఆగలేదు.

మీ విషయానికి వస్తే, రోలర్ల పని సీజన్లో అన్ని మిల్లులకూ ఒకేసారి పడుతుంది, మీకూ అప్పుడే. అతను పక్క మిల్లులో ఉన్నప్పుడు మీ జిన్నింగ్ మిషన్ ఆగితే ఎవరు చూడాలో ముందే తేల్చుకోండి. మీ రోలర్లకు చేసిన పనికి కూడా బయటివాళ్ల రేటే అతని ఖాతాలో రాయండి. ఇంకొకటి, మిగతా మిల్లులవాళ్లకు తప్పకుండా అనుమానం వస్తుంది, తమ దగ్గర ఎన్ని పత్తి బేళ్లు పడుతున్నాయో అతను మీకు చెబుతాడని. అక్కడి సంగతులు మీరు ఎప్పుడూ అడగనని అతనికి మాటివ్వండి, ఆ మాట మీదే నిలబడండి. లేకపోతే రెండోసారి ఎవరూ పిలవరు.

కొత్త పత్తి యార్డుకు రాకముందే, ఈ ఎండాకాలంలోనే కాగితం రాసుకోండి. అతని కింద ఒక కుర్రాణ్ణి ఇప్పుడే పెడితే, సీజన్ మొదలయ్యేసరికి మీ మిల్లు పని ఆ కుర్రాడి చేతికి వస్తుంది.