ఘాట్ రోడ్డులో చతికిలపడే కారు, చవక డాంగిల్

ప్రశ్న: మాది 2021 మోడల్ డీజిల్ కారు. ఊళ్లో బాగానే నడుస్తుంది కానీ, తిరుమల రెండో ఘాట్ రోడ్డులో కొంత దూరం ఎక్కేసరికి పసుపు రంగు ఇంజిన్ లైటు వెలిగి, యాక్సిలరేటర్ ఎంత తొక్కినా వేగం పెరగడం లేదు. ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలైపోతోంది. ఎయిర్ ఫిల్టర్ మార్చినా ఫలితం లేదు. కారు లోపాల కోడ్‌లు చదివే ఓబీడీ డాంగిల్ కొని, ఫోన్ యాప్‌తో ఎర్రర్ క్లియర్ చేస్తే సరిపోతుందా? - నెల్లూరు పాఠకుడు

జవాబు: సరిపోదు, పైగా ఉన్న ఆధారమూ పోతుంది. వేసవి సెలవులు వచ్చాయంటే ఇదే ఫిర్యాదు, కారు పేరు మాత్రం మార్చుకుని, నాకు వస్తూనే ఉంటుంది. మీ కారు లింప్ మోడ్‌లోకి వెళ్తున్నట్లుంది. ఏదైనా సెన్సర్ రీడింగ్ హద్దు దాటినప్పుడు, ఇంజిన్ దెబ్బతినకుండా ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్, దాని శక్తిని తగ్గించేస్తుంది. తాళం తిప్పి ఆపితే ఆ కట్టడి తొలగుతుంది గానీ లోపం ఎక్కడికీ పోదు.

ఎత్తు ఎక్కేటప్పుడే బయటపడటానికి కారణం, ఇంజిన్ గాలినీ డీజిల్‌నూ పూర్తిస్థాయిలో కోరేది అప్పుడే కావడం. స్కానర్‌లో కోడ్ పీ0299 అని వస్తే, ఇంజిన్‌లోకి గాలిని నెట్టే టర్బో ఒత్తిడి చాలడం లేదని అర్థం. ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ గొట్టం చీలిందేమో, క్లిప్పు వదులైందేమో చూడకుండా టర్బో మార్చాలనే మెకానిక్‌కు ఒప్పుకోకండి. పీ0087 అయితే డీజిల్ ఒత్తిడి చాలడం లేదని, మొదటి అనుమానం డీజిల్ ఫిల్టర్ మీద. పీ2463 అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్ అయిన డీపీఎఫ్‌లో మసి పేరుకుందని. బీఎస్-6 డీజిల్ కారును, ఆ మసి కాలిపోయేంత దూరం నడపకుండా, రోజూ కూరగాయల మార్కెట్ వరకే తిప్పేవారికి ఇది కొత్తేమీ కాదు. లోపం తలెత్తిన క్షణంలోని వేగం, ఆర్‌పీఎం, లోడు వంటి వివరాలను ఈసీయూ ఫ్రీజ్ ఫ్రేమ్‌గా భద్రపరుస్తుంది. మీరు క్లియర్ నొక్కితే కోడ్‌తో పాటు అవీ చెరిగిపోతాయి.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది ఆ డాంగిలే. దాన్ని తగిలించే, స్టీరింగ్ కింద ఉండే పోర్టు, చాలా కార్లలో, ఇంజిన్, బ్రేకుల కంప్యూటర్లు మాట్లాడుకునే నెట్‌వర్క్‌కే దారి తీస్తుంది. చవక డాంగిళ్లలో చాలావాటి బ్లూటూత్ పిన్ 1234 లేదా 0000. కొన్నింటికి అదీ ఉండదు. 2015లో శాన్‌డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు, సిమ్ ఉన్న ఒక డాంగిల్‌కు ఎస్ఎంఎస్‌లు పంపి, కారు వైపర్లను తిప్పడమే కాక బ్రేకులతోనూ ఆడుకున్నారు. అలాంటి పరికరాన్ని ఏడాది పొడవునా పోర్టులో వదిలేయడం, ఇంటి తాళంచెవిని గుమ్మానికే వేలాడదీయడం లాంటిది. కోడ్ చదవడానికి కాంటాక్టులు, మైక్రోఫోన్ అనుమతులు అడిగే యాప్‌ను అక్కడికక్కడే తీసేయండి.

అసలు ఈ డాంగిళ్లకు గిరాకీ తెచ్చింది తయారీదారులే. పలకంత తెరలో పాటల ఆల్బమ్ బొమ్మను చూపగలిగినవారు, "టర్బో ఒత్తిడి తక్కువగా ఉంది" అనే ఒక్క వాక్యాన్ని చూపకుండా పసుపు దీపంతో సరిపెట్టడం నిర్లక్ష్యం తప్ప మరొకటి కాదు.

మీరు మాత్రం ఏదీ క్లియర్ చేయకుండా కారును వర్క్‌షాపుకు తీసుకెళ్లి, ఫ్రీజ్ ఫ్రేమ్ ప్రింటు అడగండి. ఆ తర్వాత స్కానర్ తగిలించి, మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఏదైనా ఎత్తు మీదికి నడపండి. ఉండాల్సిన ఒత్తిడి, నిజంగా ఉన్న ఒత్తిడి ఎక్కడ విడిపోతున్నాయో అక్కడే తెలుస్తుంది.