ఒంగోలు గిత్తను కారెక్కించే ముందు

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నిన్న రాత్రి నువ్వు పంపిన ఫైలు అందింది. కింద నువ్వు రాసిన గోడు కూడా చదివాను. గిత్త బొమ్మ కంప్యూటర్‌లో దివ్యంగా ఉందని, కార్ల పందెం వీడియో ఆటలో నీ కారు మీదికి ఎక్కించబోతే తీసుకోవడం లేదని, ఒక్కసారి తీసుకున్నా ‘ఒంగోలు’లో సున్న కడుపు పూడిపోయి నల్ల చుక్కలా కనిపించిందని రాశావు. ‘ఆటే చెడిపోయిందా మామయ్యా?’ అని అడిగావు. ఆటకేమీ కాలేదు. ఇరవై ఏళ్ల పైబడి ఒంగోలులో రేడియం స్టిక్కర్లు కోస్తున్నవాణ్ణి, ఈ జబ్బులన్నీ నాకు పాత చుట్టాలే.

మన కొట్టులో స్టిక్కర్లు కోసే ప్లాటరు యంత్రం చూశావు కదా. దాని కత్తికి గీత తప్ప మరొకటి తెలియదు. ఫొటో ఇస్తే కోయలేదు. ఫాంటు పేరు చెబితే అర్థం చేసుకోలేదు. నీడలు, మసకలు దానికి పట్టవు. (పేరుకు రేడియం అంటాం గాని ఆ రేకులో రేడియం రవ్వంత కూడా ఉండదు. మెరుస్తుంది కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది.) ఆటను కూడా అలాంటి కత్తే అనుకో. 2017లో వచ్చిన గ్రాన్ టురిస్మో స్పోర్ట్ కూడా అప్పట్లో అంతే, 2022 మార్చిలో వచ్చిన గ్రాన్ టురిస్మో 7 మన బొమ్మను ఎస్‌విజి (బొమ్మను గీతల లెక్కగా రాసి దాచే) ఫైలుగానే అడుగుతుంది, అదీ 15 కిలోబైట్లు దాటకుండా. రంగులు వేసుకోనిస్తుంది, అంతవరకు కత్తి కంటే నయం. మిగతా విషయాల్లో ‘దీన్ని మా ప్లాటరు కోయగలదా?’ అని నిన్ను నువ్వు ప్రశ్నించుకుంటే సగం చిక్కులు అక్కడే తెలిసిపోతాయి.

నీ ఫైలు ఎంత ఉందో చూశావా? 640 కిలోబైట్లు. నేను దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచాను. నువ్వూ తెరిచి చూడు, భయమేమీ లేదు. ఎస్‌విజి లోపల ఉండేది అక్షరాలు, అంకెలే. పై నాలుగు వరుసలు దాటగానే అర్థం పర్థం లేని అక్షరాల గోడ ఒకటి కనిపిస్తుంది. అదే నువ్వు ఫోనులో తీసిన గిత్త ఫొటో. బొమ్మలు గీసే ప్రోగ్రాం ఇంక్‌స్కేప్‌లో ట్రేస్ బిట్‌మ్యాప్ చేశాక, అంటే ఫొటోను దానంతటదే గీతలుగా మార్చమన్నాక, వచ్చే కొత్త బొమ్మ సరిగ్గా ఫొటో మీదే కూర్చుంటుంది. పైన ఉన్న దాన్ని చూసి పని అయిపోయిందనుకుంటాం, ఫొటో మాత్రం అడుగున అలాగే పడి ఉంటుంది. కంట్రోల్, 5 కలిపి నొక్కు. బొమ్మ ఒట్టి గీతలుగా మారుతుంది. ఫొటోలు, పక్కకు జారిన ముక్కలు, తెల్ల కాగితం మీద తెల్లగా దాక్కున్న ఆకారాలు అన్నీ బయటపడతాయి. నేనైతే ఏ ఫైలు తెరిచినా ముందు ఆ పనే చేస్తాను.

ఫొటో తీసేశాక నీ ఫైలు 92కు దిగింది. ఇంకా ఆరింతలు ఎక్కువే. ఇక్కడ కాస్త లెక్క చెబుతాను, ఓపిక పట్టు. వంపు తిరిగిన గీతలో ఒక్కో నోడు (గీతను పట్టి ఉంచే చుక్క) కోసం ఫైలులో ఆరు అంకెలు రాయాలి. నోడు ఎక్కడుందో చెప్పడానికి రెండు, అటూ ఇటూ వంపు ఎంతో చెప్పడానికి నాలుగు. ఒక్కో అంకె 412.83746 అని రాసి ఉంది అనుకో, చుక్కతోనూ పక్క ఖాళీతోనూ కలిపి పది అక్షరాలు. ఆరింటికి అరవై. 15 కిలోబైట్లంటే 15,360 అక్షరాలు, అంటే మొత్తం 256 నోడ్లు. అదే అంకెను 412.8 అని ఆపితే ఆరు అక్షరాలే అవుతాయి, 426 నోడ్లు పడతాయి. కారు తలుపు మీద ఆ తేడా ఎవరి కంటికీ ఆనదు. అందుకే చివర్లో దాచేటప్పుడు ‘ఆప్టిమైజ్డ్ ఎస్‌విజి’ ఎంచుకుని, అడిగినప్పుడు అంకెల పొడవు నాలుగుకు తగ్గించు. ఇంక్‌స్కేప్ తన సొంత అవసరాలకు రాసుకున్న చెత్త కూడా దాంతోపాటే పోతుంది. ఆ చెత్తలో ‘సోడిపోడి’ అనే పేరు కనిపిస్తే కంగారు పడకు. 2003లో ఇంక్‌స్కేప్ ఆ పాత ప్రోగ్రాం నుంచే చీలి వచ్చింది, ఇంటిపేరు ఇంకా వదల్లేదు.

అంకెలు కత్తిరించినా నోడ్లు వేలల్లో ఉంటే లాభం లేదు. ఎనిమిది రంగులతో ట్రేస్ చేశావు కాబట్టి గిత్త ఒంటి మీద పడ్డ ప్రతి ఎండ మచ్చా ఒక ఆకారమై కూర్చుంది. వాటిని తగ్గించడానికి సింప్లిఫై కొట్టావని అర్థమవుతోంది. కంట్రోల్, ఎల్. అది మంచి మందే, మోతాదు తెలియాలి. వెంటవెంటనే నొక్కితే ప్రతిసారీ ఇంకాస్త గట్టిగా లాగుతుంది. ఒకసారి నొక్కు, ఆగు, చూడు, కావాలంటే మళ్లీ నొక్కు. నువ్వు గబగబా ఐదారు సార్లు కొట్టినట్టున్నావు, మూపురం వాలిపోయింది. గంగడోలు గొంతులో కలిసిపోయింది. ఒంగోలు గిత్త కాస్తా చెరువులోంచి లేచిన దున్నపోతైంది. మనూరి వాళ్లు చూస్తే ఏమంటారో నేను రాయను.

నా మాట వింటే ట్రేసును పక్కన పెట్టు. ఫొటోను కింది పొరలో ఉంచి తాళం వేసి, పైన పెన్ సాధనంతో నీ చేత్తో గీయి. నోడు ఎక్కడ పెట్టాలంటే వంపు దిక్కు మారే చోట. మూపురానికి నాలుగు, కొమ్ములకు మూడేసి, గంగడోలుకు ఆరేడు. వీపు మీద పొడుగ్గా ఒకే గీత, దానికి రెండు చాలు. అరవై డెబ్బై నోడ్లలో గిత్త నిలబడుతుంది. గంటన్నర పడుతుంది. ట్రేసును శుభ్రం చేస్తూ కూర్చుంటే రాత్రంతా పడుతుంది, పైగా అందంగానూ ఉండదు. గీయడం అయ్యాక అడుగున ఉన్న ఆ ఫొటోను మాత్రం మరిచిపోకుండా తీసెయ్యి.

ఇక సున్న సంగతి. ఆటకు నీ కంప్యూటర్‌లోని ఫాంటు తెలియదు, అందుకే అక్షరాలను ఆబ్జెక్ట్ టు పాత్ చేసి గీతలుగా మార్చావు. సరైన పనే. ఆ తర్వాత అక్షరాలను విడిగా జరపడానికి బ్రేక్ అపార్ట్ నొక్కావు, అక్కడ దెబ్బ తిన్నావు. సున్న అంటే రెండు గీతలు, బయటి వలయం ఒకటి, లోపలి బొక్క ఒకటి. కలిసి ఉన్నంతసేపూ లోపలిది బొక్క. విడదీశావంటే అదీ ఒక నల్ల బిళ్లే, పెద్ద బిళ్ల మీద చిన్న బిళ్ల. ఆ రెండింటినీ ఎంచుకుని కంట్రోల్, కె నొక్కితే మళ్లీ కంబైన్ అయి కడుపు తెరుచుకుంటుంది. యూనియన్ మాత్రం నొక్కకు, అది ఉన్న బొక్కను శాశ్వతంగా పూడ్చేస్తుంది. అక్షరాలు జరపాలంటే అన్‌గ్రూప్ చాలు, బ్రేక్ అపార్ట్ దాకా వెళ్లనక్కర్లేదు.

గీతలుగా మార్చే ముందు ఫైలుకు ఒక నకలు దాచుకో. కొత్తలో చీమకుర్తి నుంచి గ్రానైట్ తోలే లారీ ఒకటి వచ్చింది. ముందు అద్దం మీదికి యజమాని కూతురి పేరు కావాలన్నాడు డ్రైవరు. మార్చేశాను, కోశాను, అంటించాను. ఒక దీర్ఘం తగ్గింది. గీతలైపోయిన పేరును టైపు చేసి దిద్దలేం కదా, పైగా ఏ ఫాంటు వాడానో గుర్తు లేదు. సాయంత్రం దాకా ఆ ఫాంటును వెతుక్కుంటూ కూర్చున్నాను, లారీ ఆగింది, డ్రైవరు నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తే.

బొమ్మ చుట్టూ వేసిన తెల్ల అంచు గీతను కూడా చివర్లో స్ట్రోక్ టు పాత్ చెయ్యి, అంటే గీతను ఆకారంగా మార్చు. అలాగే వదిలేస్తే బొమ్మను పెంచినప్పుడు గీత మందం మారకుండా ఉండిపోయే ప్రమాదం ఉంది. ముందే చేస్తే ఒక గీతకు రెండు గీతలై నోడ్లు రెట్టింపవుతాయి, దిద్దడం నరకం. నీడకోసం వేసిన మసక తీసెయ్యి. కాగితం ఏ4 సైజులో ఉంది, గిత్త ఒక మూల అగ్గిపెట్టెంత ఉంది. ఆటలోనూ అలాగే చీమంత కనిపిస్తుంది. అన్నీ ఎంచుకుని కంట్రోల్, షిఫ్ట్, ఆర్ నొక్కితే కాగితం బొమ్మకు సరిపడా కుదించుకుంటుంది.

గిత్తను, అక్షరాలను ఒకే ఫైలులో ఇరికించావు, అది నాకు నచ్చలేదు. రెండు ఫైళ్లు చెయ్యి. ఒక్కోదానికి 15 కిలోబైట్ల జాగా దొరుకుతుంది. అంతకంటే ముఖ్యం, కారుకు రెండు వైపులా గిత్త ముందుకే పరిగెత్తాలి కదా, అంటే ఒక వైపు బొమ్మను అద్దంలోలా తిప్పాలి. అక్షరాలు కూడా దానికి అతుక్కుని ఉంటే ‘ఒంగోలు’ అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. లారీలకు ఏళ్లుగా మేం కుడి, ఎడమ అని విడివిడిగా కోసేది అందుకే.

నువ్వు పంపిన ఫైలులో ఒక సంగతి నాకు బాగా నచ్చింది. కొమ్ములు పొట్టిగా, మొదలు దగ్గర లావుగా ఉన్నాయి. మన జాతి కొమ్ములు అలాగే ఉంటాయి. చాలామంది క్యాలెండరులో చూసిన బారు కొమ్ములు గీసేస్తారు. కొత్తగా గీసేటప్పుడు వాటిని అలాగే ఉంచు.

ఆదివారం కొట్టు మధ్యాహ్నం దాకే. గీసినంతవరకు పంపితే, సాయంత్రం కూర్చుని చూస్తాను. అక్కయ్యను అడిగానని చెప్పు, ఉలవపాడు మామిడికాయలు వస్తున్నాయి, నెల్లూరు వైపు వచ్చే ఎవరితోనైనా ఒక బుట్ట పంపుతాను.

నీ మామయ్య